పాత 16 ఎంఎం, సూపర్ 8 ప్రింట్ల వేట: సినిమా పేరు కాదు, ప్రింటు పుట్టుక చూడాలి

ఫిల్మ్ ప్రింట్లు పోగుచేసే సరదాలోకి కొత్తగా దిగినవాళ్లంతా ముందు అడిగేది ఒకటే, ఫలానా సినిమా 16 ఎంఎంలో దొరుకుతుందా, సూపర్ 8లో ఉందా అని. దొరుకుతుందో లేదో తర్వాతి సంగతి, ముందు తెలుసుకోవాల్సింది ఆ ప్రింటు అసలు ఎవరి కోసం తీశారు అనేది. ఇంట్లో చూసుకోడానికి అమ్మిందా, టీవీ స్టేషన్‌కి పంపిందా, స్కూలు కోసం కొన్నదా, విమానంలో వెయ్యడానికి చేసిందా? ఈ ఒక్క విషయం తెలిస్తే చాలు, దాని నిడివి ఎంత, రంగు నిలిచి ఉంటుందా, చట్టం దాన్ని ఎలా చూస్తుంది, ఇప్పుడది ఎలాంటి వాళ్ల అటక మీద పడి ఉంటుంది, ఇవన్నీ చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి.

ముందు గేజ్‌ల సంగతి. గేజ్ అంటే ఫిల్మ్ వెడల్పు, అంతే. థియేటర్లలో ఆడింది 35 ఎంఎం, దానికన్నా సన్నగా ఉన్నవన్నీ చిన్న గేజ్ కిందే లెక్క. 1922 ఆఖర్లో ఫ్రాన్స్‌లో పాతే కంపెనీ 9.5 ఎంఎం తెచ్చింది, దీంట్లో చిల్లులు అంచున ఉండవు, ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్యలో ఒక్కటే ఉంటుంది, అందుకే అంత సన్న ఫిల్మ్‌లోనూ బొమ్మకి దాదాపు వెడల్పంతా దక్కింది. మరుసటి ఏడాది కొడాక్ వాళ్ల 16 ఎంఎం, 1932లో 8 ఎంఎం, 1965లో సూపర్ 8. అదే 1965లో ఫ్యూజీ సింగిల్ 8 కూడా వచ్చింది, కెమెరాలో పెట్టే క్యాట్రిడ్జ్ వేరు గానీ ఫిల్మ్ కొలతలు సూపర్ 8వే కాబట్టి ప్రొజెక్టర్‌కి తేడా తెలీదు.

ఎక్కువమంది బోల్తాపడేది 8 ఎంఎం దగ్గర. పాత 8 ఎంఎం, సూపర్ 8 రెండూ ఒకే వెడల్పు, అమ్మేవాళ్లలో సగం మందికి తేడా తెలీదు, రెండింటినీ 8 ఎంఎం అనే రాసేస్తారు. చూడాల్సింది చిల్లు. పాతదాంట్లో చిల్లు పెద్దగా, రెండు ఫ్రేములు కలిసే గీత దగ్గర ఉంటుంది, సూపర్ 8లో చిన్నగా, ఫ్రేము పక్కన సరిగ్గా మధ్యలో ఉంటుంది. చిల్లు చిన్నది చేసి ఆ మిగిలిన జాగా బొమ్మకిచ్చారు, దాంతో బొమ్మ వైశాల్యం 50 శాతం దాకా పెరిగింది. రీలు మధ్య రంధ్రం చూసి కూడా చెప్పొచ్చు, సూపర్ 8ది పెద్దది, కానీ దాన్ని మాత్రం నమ్మకండి, పాతికేళ్లలో ఎవరో ఒకరు దాన్ని వేరే రీలుకి ఎక్కించి ఉంటారు.

తర్వాత అడుగుల లెక్క. 16 ఎంఎంలో అడుగుకి 40 ఫ్రేములు, సూపర్ 8లో 72. సెకనుకి 24 ఫ్రేముల చొప్పున వేసుకుంటే 400 అడుగుల 16 ఎంఎం రీలు 11 నిమిషాల్లో అయిపోతుంది, అదే 400 అడుగుల సూపర్ 8 అయితే 20 నిమిషాలు నడుస్తుంది. గంటన్నర సినిమాకి 16 ఎంఎంలో 3,240 అడుగులు కావాలి. కాబట్టి ఎవరైనా గంటన్నర సినిమా మొత్తం ఒకే 1,600 అడుగుల రీల్లో ఉంది అంటే, ఆ రీలు 44 నిమిషాలకి మించి నడవదు, మిగతా సగం ఎక్కడుందో వాళ్లకే తెలియాలి. ఈ గుణకారం చెయ్యకుండా డబ్బులు పంపేవాళ్లు బోలెడుమంది.

ఇక పుట్టుక దగ్గరికి వద్దాం. వీడియో రాకముందు ఇంట్లో సినిమా అంటే ఫిల్మే. 1925లో కొడాక్ వాళ్లు కొడాస్కోప్ లైబ్రరీలు పెట్టి 16 ఎంఎంలో సినిమాలు అద్దెకిచ్చారు, చాలావరకు కత్తిరించినవి. 1937 నుంచి కాసిల్ ఫిల్మ్స్ ఇంట్లో చూసుకునే చిన్న రీళ్లు అమ్మింది, అమెరికాలో బ్లాక్‌హాక్ మూకీ సినిమాల ప్రింట్లు అమ్మి ఒక తరం కలెక్టర్లని తయారుచేసింది, ఇంగ్లండ్‌లో డెరాన్ చాలాకాలం సూపర్ 8 ప్రింట్లు తీసింది. వీటిలో ఎక్కువ భాగం పూర్తి సినిమాలు కావు, 200 అడుగుల్లోనో 400 అడుగుల్లోనో కుదించినవి, రెండు గంటల కథ పది ఇరవై నిమిషాల్లో చుట్టేస్తారు. కొందరికి ఈ కుదింపులే ఇష్టం, వాటి డబ్బాల మీద బొమ్మలు అంత బావుంటాయి మరి. 9.5 ఎంఎంలో ఇంకో తమాషా ఉంది, మూకీ సినిమాల్లో మాటల కార్డు సెకన్ల తరబడి తెర మీద నిలబడాలి కదా, అన్ని ఫ్రేములు వేస్తే ఫిల్మ్ దండగ, అందుకని కార్డుకి ఒకటి రెండు ఫ్రేములే పెట్టి అంచున చిన్న గాటు పెట్టేవాళ్లు, ఆ గాటు తగలగానే ప్రొజెక్టర్ ఫ్రేముని కాసేపు ఆపి మళ్లీ కదిలేది. గాటు గుర్తించని తర్వాతి మెషిన్‌లో ఆ ప్రింటు వేస్తే మాటల కార్డు రెప్పపాటులో ఎగిరిపోతుంది.

వీడియో వచ్చాక ఈ మార్కెట్ కూలిపోయింది, డెరాన్ కూడా 2011లో మూసేసింది. ఇప్పటికీ అక్కడక్కడా కొత్త ప్రింట్లు తీసేవాళ్లు లేకపోలేదు గానీ అది చాలా తక్కువ, ఆచరణలో చూస్తే ఉన్న ప్రింట్లే చేతులు మారుతున్నాయి, వాటిలో ఏటా కొన్ని పాడైపోతున్నాయి.

రెండో రకం టీవీ ప్రింట్లు. ఒకప్పుడు స్టేషన్లకి సినిమాలు, సీరియళ్లు 16 ఎంఎంలో పంపేవాళ్లు. ఇవి పూర్తి నిడివితో ఉంటాయి కాబట్టి కలెక్టర్లకి ఇష్టం, కానీ యాడ్స్ కోసం కత్తిరించి మళ్లీ అతికించిన చోట్లు, మధ్యలో నల్ల ఫిల్మ్ ముక్కలు మామూలే. బీబీసీ చెరిపేసిన డాక్టర్ హూ టీవీ సీరియల్ ఎపిసోడ్లు మళ్లీ దొరికింది కూడా ఈ దారిలోనే, విదేశాల స్టేషన్లకి పంపడానికి టీవీ తెరని 16 ఎంఎం మీద చిత్రీకరించి ప్రింట్లు తీసేవాళ్లు, 2011లో ఒక ప్రైవేటు కలెక్టర్ దగ్గర రెండు ఎపిసోడ్లు బయటపడ్డాయి, 2013లో నైజీరియాలో తొమ్మిది దొరికాయని ప్రకటించారు. మూడోది స్కూళ్లు, లైబ్రరీలు కొన్న ప్రింట్లు, ఎక్కువగా డాక్యుమెంటరీలు, పాఠాల ఫిల్ములు, గీతలు పడి అరిగిపోయి ఉంటాయి గానీ నిజంగా డబ్బిచ్చి కొన్నవి కాబట్టి చట్టం గొడవ తక్కువ. నాలుగోది విమానాలవి. 1961లో అమెరికా ఎయిర్‌లైన్ టీడబ్ల్యూఏ విమానాల్లో 16 ఎంఎం ప్రొజెక్టర్ పెట్టారు, సినిమా మొత్తం ఒకే పెద్ద రీల్లో, తర్వాత సూపర్ 8 కూడా వాడారు. ప్రయాణికుల కోసం కత్తెర పడిన వెర్షన్లు ఇవి, పూర్తి సినిమా అనుకుని కొంటే నిరాశే.

ఇదంతా కేవలం సరదా అనుకుంటే పొరపాటు. 2013లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఒక లెక్క తేల్చింది, అక్కడ తీసిన దాదాపు 11 వేల మూకీ ఫీచర్ సినిమాల్లో అసలు 35 ఎంఎం రూపంలో పూర్తిగా మిగిలినవి 14 శాతమే, ఇంకో 11 శాతం పూర్తిగానే ఉన్నా విదేశీ వెర్షన్లుగానో, 16 ఎంఎం లాంటి చిన్న గేజ్‌ల్లోనో బతికాయి. జర్మన్ మూకీ సినిమా మెట్రోపొలిస్ సంగతి ఇంకా పెద్దది. ఆ సినిమా 1927లో విడుదలయ్యాక కత్తిరించేశారు, పోయిన భాగాలు ఇక దొరకవనే అనుకున్నారు, 2008లో బ్యూనస్ ఎయిరిస్ మ్యూజియంలో ఒక 16 ఎంఎం నెగటివ్‌లో దాదాపు 25 నిమిషాలు దొరికాయి. అది ఒక కలెక్టర్ దాచుకున్న 35 ఎంఎం నైట్రేట్ (ఆ రోజుల్లో వాడిన, తేలిగ్గా మండే ఫిల్మ్) ప్రింటు నుంచి తర్వాత దించిన కాపీ, అసలు ప్రింటు మీదున్న గీతలు కూడా బొమ్మతోపాటు అందులో అచ్చైపోయాయి, ఫ్రేము అంచులు కొంత తెగిపోయాయి, అయినా అంతకుమించింది లేదు. బ్రిటిష్ సినిమా చరిత్రకారుడు కెవిన్ బ్రౌన్లో స్కూలు వయసులో 9.5 ఎంఎంలో ఏబెల్ గాన్స్ తీసిన ఫ్రెంచ్ మూకీ సినిమా నెపోలియన్ రెండు రీళ్లు చూసి, ఆ పిచ్చితోనే జీవితాంతం ఆ సినిమాని తిరిగి కూర్చారు.

సరే, ప్రింటు ఎదురుగా ఉంది, ఏం చూడాలి? అన్నిటికన్నా ముందు రంగు. 1950ల నుంచి 80ల మొదలుదాకా వచ్చిన ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో నీలి-ఆకుపచ్చ రంగు, అంటే సయాన్ డై, చీకట్లో డబ్బాలో ఉన్నా కూడా నెమ్మదిగా చచ్చిపోతుంది, పసుపు కూడా తగ్గుతుంది, చివరికి మిగిలేది మెజెంటా. తెర మీద ఆకాశం గులాబీ, గడ్డి గోధుమ రంగు, జనాల మొహాలన్నీ కుంకుమ నీళ్లలో ముంచి తీసినట్టు. దీన్ని వెనక్కి తిప్పే మందు లేదు, స్కాన్ చేసి కంప్యూటర్లో సరిచెయ్యొచ్చు గానీ ప్రింటు మాత్రం అలాగే ఉంటుంది. అమ్మేవాళ్లు దీనికి రకరకాల ముద్దు పేర్లు పెడతారు, రంగు కాస్త వెచ్చగా ఉంది, కొద్దిగా ఫేడ్, పాత కాలపు టోన్ అని. వెచ్చగా అన్నారంటే ఎర్రగా అయిపోయింది అనే అర్థం చేసుకోండి.

ఇందులో మోసపోకుండా ఉండాలంటే ఫిల్మ్ అంచు చదవాలి. ఒక చిన్న భూతద్దం, వెనక తెల్లటి వెలుతురు ఉంటే చాలు, అంచున సన్న అక్షరాల్లో కంపెనీ పేరు, స్టాక్ (ప్రింటు తీసిన ముడి ఫిల్మ్) రకం ఉంటాయి. ఎల్‌పిపి అని కనిపిస్తే సంతోషించండి, 1980ల మొదట్లో కొడాక్ తెచ్చిన తక్కువ వెలిసే స్టాక్ అది, మామూలుగా దాస్తే రంగు ఇప్పటికీ బావుంటుంది. పాత కొడాక్ ఫిల్మ్ మీద గుండ్రం, చతురస్రం, త్రికోణం లాంటి గుర్తులు ఉంటాయి, అవి స్టాక్ తయారైన ఏడాది చెప్తాయి, కాకపోతే 20 ఏళ్లకోసారి అవే గుర్తులు మళ్లీ వస్తాయి, అంటే ఒకే గుర్తు 1937 కావొచ్చు, 1957 కావొచ్చు, మిగతా ఆనవాళ్లు చూసి తేల్చుకోవాలి. ఇంకో తిరకాసు, అసలు నెగటివ్ అంచున ఉన్న గుర్తులు ప్రింటు మీదకి కూడా అచ్చవుతాయి, అందుకే ఒక్కోసారి రెండు తేదీలు కనిపిస్తాయి, అప్పుడు తర్వాతి తేదీదే ప్రింటు.

టెక్నికలర్ డై ట్రాన్స్‌ఫర్ ప్రింట్లు, కలెక్టర్లు ఐబీ అంటారు, వీటి లెక్క వేరు. రంగుని అచ్చు గుద్దినట్టు ఒక్కొక్కటిగా ఎక్కించే పద్ధతి కాబట్టి ఆ డైలు వెలవవు, అమెరికాలో 1970ల మధ్యలో ఈ పద్ధతి ఆపేశారు, అప్పటిదాకా వచ్చినవి ఇవాళ వేసినా రంగు కొట్టొచ్చినట్టు ఉంటుంది. 16 ఎంఎంలో కూడా ఐబీ ఉన్నాయి, వాటికోసం కొట్టుకుంటారు. రంగు గొడవ అస్సలు వద్దనుకుంటే హాయిగా బ్లాక్ అండ్ వైట్‌తో మొదలుపెట్టండి, దాంట్లో వెలవడానికి డై లేదు, వెండి.

రెండో శత్రువు వెనిగర్ సిండ్రోమ్. ఫిల్మ్‌లో బొమ్మ పొర, అంటే ఎమల్షన్, ఒక ప్లాస్టిక్ పట్టీ మీద ఉంటుంది, ఆ పట్టీనే బేస్ అంటారు. చిన్న గేజ్‌ల్లో అత్యధికం అసిటేట్ బేస్, ఇళ్లల్లో వాడేది కాబట్టి భగ్గున మండే నైట్రేట్ కాకుండా సేఫ్టీ ఫిల్మ్ వాడారు, మంచిదే, కానీ వేడి, తేమ తగిలితే ఆ అసిటేట్ విరిగి అసిటిక్ ఆమ్లం వదులుతుంది, ఆ ఆమ్లమే మళ్లీ విరగడాన్ని ఇంకా వేగం చేస్తుంది, ఒకసారి మొదలైతే ఆగదు, చల్లగా పెట్టి నెమ్మదింప చెయ్యడమే. డబ్బా తెరవగానే ముక్కుకి ఘాటు కొడితే అప్పటికే ఆలస్యం. ముక్కు కన్నా ముందే చెప్పేవి ఏ-డి స్ట్రిప్స్, రోచెస్టర్‌లోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన కాగితపు ముక్కలు, డబ్బాలో వేసి ఉంచితే ఆమ్లాన్ని బట్టి నీలం నుంచి ఆకుపచ్చకి, పసుపుకి తిరుగుతాయి. మాగ్నెటిక్ సౌండ్ గీత ఉన్న ప్రింట్లకి ఈ జబ్బు ఇంకా తొందరగా వస్తుంది, ఆ గీతలో ఉండే ఐరన్ ఆక్సైడ్ వల్ల. జబ్బుపడిన రీలుని మంచి రీళ్ల పక్కన గట్టిగా మూసిన డబ్బాలో పెట్టడం మాత్రం చెయ్యకండి.

ఆమ్లం బయటికి పోతూ పోతూ ఫిల్మ్ కుంచించుకుపోతుంది, అప్పుడు చిల్లులకీ మెషిన్ పళ్లకీ లెక్క కుదరదు. ఇది కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. పాలియెస్టర్ అనే ఇంకో రకం బేస్ ఉన్న కొత్త లీడర్ (రీలు మొదట్లో అతికించే ఖాళీ ఫిల్మ్) ముక్క తీసుకుని పాత ఫిల్మ్ పక్కన బల్ల మీద పరిచి, మొదటి చిల్లులు రెండూ ఎదురెదురుగా పెట్టి 100 చిల్లులు లెక్కపెట్టండి, 16 ఎంఎంలో అది సుమారు 76 సెంటీమీటర్లు. అక్కడ పాత ఫిల్మ్ ఒక పూర్తి చిల్లు తేడాతో వెనకబడి ఉంటే ఒక శాతం కుంచించుకుపోయినట్టు. మామూలు ప్రొజెక్టర్లో అలాంటిది వేస్తే చిల్లులు చిరుగుతాయి, స్కాన్‌కి పంపడమే మంచిది.

పాలియెస్టర్‌కి ఈ బాధలేవీ లేవు. గుర్తుపట్టడం సులభం, రీలుని పక్కనుంచి దీపానికి అడ్డం పెట్టి చూస్తే వెలుతురు లోపల్నుంచి తెలిసేది పాలియెస్టర్, చీకటిగా ఉండేది అసిటేట్. అయితే పాలియెస్టర్‌ని ఫిల్మ్ సిమెంట్, అంటే ఫిల్మ్ అతికించే జిగురు, అతికించలేదు, టేప్ కావాల్సిందే, పైగా అది తెగదు, ఇరుక్కుంటే విరిగేది మెషినే.

గీతల గురించి ఒక ముక్క. తెర మీద నల్ల గీత అంటే సాధారణంగా బేస్ వైపు గీరుకుంది, శుభ్రం చేస్తే కొంత తగ్గొచ్చు. ఆకుపచ్చ గీత అంటే ఎమల్షన్ పైపొరలో ఉన్న మెజెంటా లేచిపోయింది, అది ఇక రాదు. ఫిల్మ్‌ని వెలుతురు కింద ఏటవాలుగా పట్టుకుంటే పైన నున్నగా ఉండి బొమ్మలో మాత్రం గీత కనిపిస్తే అది ముందు తరం ప్రింటు నుంచి అచ్చైన గీత, అంటే మీ చేతిలో ఉన్నది కాపీకి కాపీ కావొచ్చు. సౌండ్ విషయంలో 16 ఎంఎం సౌండ్ ప్రింటుకి ఒకవైపే చిల్లులు ఉంటాయి, రెండో వైపు సౌండ్ ట్రాక్, రెండు వైపులా పళ్లున్న పాత మూకీ మెషిన్‌లో దాన్ని ఎక్కిస్తే ట్రాక్ మీదే చిల్లులు పొడుస్తుంది.

ఇక చట్టం. ప్రింటు అనే వస్తువు వేరు, అందులో ఉన్న సినిమా హక్కు వేరు. మీరు ప్రింటు కొన్నా సినిమా హక్కు రాదు, టికెట్ పెట్టి జనానికి చూపించాలంటే అనుమతి వేరే తీసుకోవాలి. వస్తువుని తిరిగి అమ్మడం మాత్రం, అమెరికా చట్టంలో అయితే, ఒకసారి నిజంగా అమ్ముడైన ప్రింటుకి తప్పు కాదు. పేచీ ఎక్కడంటే స్టూడియోలు థియేటర్లకి, టీవీకి ప్రింట్లు అమ్మలేదు, అద్దెకిచ్చాయి, పని అయ్యాక వెనక్కి రావాలి లేదా నాశనం చెయ్యాలి, అవి పక్కదారి పట్టి కలెక్టర్ల దగ్గరికి చేరాయి. 1974 డిసెంబర్లో ఎఫ్‌బీఐ నటుడు రాడీ మెక్‌డోవల్ ఇంటి నుంచి ఆయన కలెక్షన్ పట్టుకుపోయింది, ఆయన మీద కేసు పెట్టలేదు గానీ ఆ దెబ్బతో కలెక్టర్లంతా ఏళ్లతరబడి నోరు మూసుకున్నారు, ప్రింట్ల జాబితా బయటికి చెప్పకపోవడం అనే అలవాటుకి ఇదో పెద్ద కారణం. 1977లో సినిమా ప్రింట్లు అమ్మిన ఒకాయన మీద నడిచిన యునైటెడ్ స్టేట్స్ వర్సెస్ వైజ్ కేసులో అప్పీల్ కోర్టు ఒక్కో కాంట్రాక్టు విడివిడిగా చూసింది, ఎక్కువ ఒప్పందాలు లైసెన్సులే అంది, కానీ నటి వెనెసా రెడ్‌గ్రేవ్‌కి క్యామిలాట్ సినిమా ప్రింటు ఇచ్చిన ఒప్పందం మాత్రం అమ్మకంలాగే ఉందని తేల్చింది. చూశారా, మళ్లీ పుట్టుక దగ్గరికే వచ్చాం. ఇంటి మార్కెట్ కోసం అమ్మిన సూపర్ 8 డబ్బా అయితే ఈ తలనొప్పి లేదు. మిగతా దేశాల్లో చట్టాలు వేరు, మీ దేశానిది చూసుకోండి.

ఎక్కడ వెతకాలి అంటే, ఒకప్పుడు అమెరికాలో ద బిగ్ రీల్ లాంటి పత్రికల్లో ప్రకటనలుండేవి, సిరక్యూస్‌లో సినీఫెస్ట్ లాంటి సభల్లో బల్లల మీద పరిచి అమ్మేవాళ్లు, సినీఫెస్ట్ 2015లో ఆగిపోయింది. ఇప్పుడు ఎక్కువ ఈబే, ఇంకా కలెక్టర్ల మధ్య మౌఖికంగా నడిచే బేరాలు. అసలు సరుకు మాత్రం ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు బయటికి వస్తుంది, పెద్దాయన పోతాడు, డబ్బాల్లో ఏముందో పిల్లలకి తెలీదు, మొత్తం గుత్తగా ఇచ్చేస్తారు లేదా చెత్తలో వేస్తారు. అందుకే ప్రొజెక్టర్లు బాగుచేసేవాళ్లతో పరిచయం పెట్టుకోండి, ఏ ఇంట్లో ఏ మెషిన్ ఉందో, ఎవరు అమ్మే ఆలోచనలో ఉన్నారో వాళ్లకే ముందు తెలుస్తుంది. ఆన్‌లైన్లో వెతికేటప్పుడు సినిమా పేరుతో కాకుండా పాత ఫిల్మ్ రీళ్లు, ప్రొజెక్టర్‌తో పాటు అని వెతికితే ఏం అమ్ముతున్నారో వాళ్లకే తెలియని లాట్లు తగులుతాయి. 9.5 ఎంఎం అయితే ఫ్రాన్స్, ఇంగ్లండ్ వైపే చూడండి, దానికి అక్కడే ఆదరణ ఎక్కువ.

దూరం నుంచి కొనేటప్పుడు అమ్మేవాళ్లని ఫోటోలు అడగండి, డబ్బా ఫోటో కాదు, ఫిల్మ్ ఫోటో, తెల్లటి వెలుతురు ముందు పట్టుకుని అంచు అక్షరాలు కూడా కనపడేలా. మొదటి రీలుదే కాకుండా ప్రతి రీలుదీ అడగాలి, ఎందుకంటే వేరే వేరే ప్రింట్ల రీళ్లు కలిపి ఒక సెట్ చేసినవి ఉంటాయి, మొదటిది ఎల్‌పిపి, మూడోది గులాబీ. వాసన వస్తోందా అని సూటిగా అడగండి, కొద్దిగా అన్నా వస్తోంది అనే రాసుకోండి. పార్సిల్ స్కానింగ్ ఎక్స్‌రే గురించి కంగారొద్దు, కడిగిన ఫిల్మ్‌ని అది ఏమీ చెయ్యదు. ఒక్క జాగ్రత్త, గుత్తగా కొన్న లాట్‌లో 35 ఎంఎం గానీ 17.5 ఎంఎం గానీ ఉంటే అది నైట్రేట్ అయ్యే అవకాశం ఉంది, దాన్ని మామూలు పోస్టులో పంపకూడదు, ఇంట్లో కూడా పెట్టుకోకూడదు, దగ్గర్లోని ఆర్కైవ్‌ని అడగండి.

వచ్చిన రీలుని ఆత్రంగా ప్రొజెక్టర్‌కి ఎక్కించెయ్యొద్దు. ముందు చేత్తో తిప్పే రివైండర్ మీద, కాటన్ గ్లవ్ వేసుకుని అంచుల్ని రెండు వేళ్ల మధ్య తేలిగ్గా పట్టుకుని మొత్తం నడపండి, చిరిగిన చిల్లు, లేచిన అతుకు వేలికే తెలిసిపోతాయి. మెషిన్ సంగతి కూడా అంతే, పాత బెల్టులు కరిగి జిగురైపోయి ఉంటాయి, బెల్ అండ్ హోవెల్ 16 ఎంఎం మెషిన్లలో ప్లాస్టిక్ వార్మ్ గేర్ పగలడం అందరికీ తెలిసిన జబ్బు, బల్బులు కూడా కొన్ని రకాలు దొరకడం కష్టమైపోతోంది, మెషిన్ కొనేముందు దాని బల్బు నంబర్ చూసి అది ఇంకా దొరుకుతుందో లేదో కనుక్కోండి. అన్నీ సరిగ్గా ఉన్నా మొదటిసారి ఎందుకూ పనికిరాని ఒక రీలు వేసి పది నిమిషాలు నడిపించి, ఆపి, దాని మీద కొత్త గీతలు పడ్డాయేమో భూతద్దంతో చూశాకే మంచి ప్రింటు తియ్యండి. ఇక ఎక్కడా జాబితాల్లో కనపడని సినిమా, తెలిసిన వెర్షన్ కన్నా పొడుగ్గా ఉన్న రీలు చేతికొస్తే మాత్రం అసలు ప్రొజెక్టర్ జోలికే పోకుండా ముందు స్కాన్ చేయించి ఆర్కైవ్‌కి కబురు పెట్టండి.